ఇంకని మడి

కృత్తిక కార్తె, గురువారం

మడి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఏం చేశామో, ఏం చూశామో రాయాలని మేముండే కొండమెట్టు ఆఫీసువాళ్ళు ఈ చిట్టా చేతికిచ్చారు. తేదీ అంకెల్లో వెయ్యమన్నారు. అంకెల తేదీలు నాకు నోటికి రావు, కార్తెలైతే వస్తాయి. అయిదో తరగతితో ఆగిన చెయ్యి ఇది, గీత వంకరపోతే పోతుంది. ఎలాగూ చదివేవాళ్ళెవరూ కనపడటం లేదు.

పొద్దున్నే వంటశాలలో నీళ్ళ బానలు కడిగేసి పైకి వచ్చాను. బాన అడుగున పేరుకున్న మెత్తటి ఒండ్రును డబ్బాలో తెచ్చుకుంటాను. నేను మొహం కడుక్కునే నీళ్ళలోంచి కాస్త మిగిల్చి, అందులో కలిపి, పూర్ణ మడిని అలికాను. నీళ్ళు తేర్చే సున్నం చిటికెడు ఉంటే చుక్కలు పెట్టి చిన్న ముగ్గు వేశాను. మా అమ్మమ్మ రేపల్లెలో మట్టి వాకిలి అలాగే అలికేది. ఆ రేపల్లె ఇప్పుడు గట్టు అవతల సముద్రం అడుగున ఉంది. ఈ కొండమెట్ల మీద పుట్టినవాళ్ళు కాంక్రీటు తప్ప వాకిలి ఎరగరు.

పూర్ణ నా కూతురు. ఇప్పుడు ఈ మడి.

పోయినవాళ్ళను మట్టి చేసే పెట్టెలోకి పిల్లను ఇచ్చాను. చలికాలం గడిచాక మట్టిని ఇచ్చారు. అందరికీ అంతే, నా ఒక్కదానికే కాదు. ఆ మట్టిని చెక్క పలకల మధ్య నడుములోతున పరిచారు. గురువారం గురువారం పైన నీళ్ళు పోస్తారు. అవి మట్టిలో దిగి, అడుగు గొట్టంలోంచి గిన్నెలో పడాలి. పడితే మడి కుదిరినట్టు. విత్తనం వేస్తారు, గింజ వస్తే మెట్టంతా కలిసి తింటుంది. ఆరుద్ర కార్తె వచ్చేసరికి పడకపోతే మూగమడి అని రాసి, మట్టి మొత్తం తోడి గట్టు మీద పోస్తారు. సముద్రం ఆ గట్టును రోజూ కొరుకుతూనే ఉంది. ఎంత పోసినా దానికి చాలదు.

పడిందో లేదో తేల్చేది సలోమి గారు. మట్టిలో నీళ్ళు ఎలా నడుస్తాయో చదువుకున్న మనిషి. పూర్ణ ఆమె దగ్గరే పని చేసింది, అదే చదువు చదివి. ఆమె తవ్వించిన గోతిలోనే పోయింది. మట్టి గోడ కూలిందన్నారు. కూలేటప్పుడు ఆమె ఒడ్డున నిలబడి ఉందట. చొక్కాకి మట్టి కూడా అంటలేదట.

ఆ మనిషి చేతిలో నా బిడ్డను మళ్ళీ పెట్టారు.

మడిని ముట్టుకోరాదు అని గోడ మీద రాసి ఉంది. అలికితే ముట్టుకున్నట్టా? ఇల్లు ఊడ్చుకుంటే ఇంటిని ముట్టుకున్నట్టా? అయినా ఎందుకొచ్చిన గొడవని, సలోమి గారు మెట్లెక్కి వచ్చే లోపల ముగ్గును అరచేత్తో చెరిపేశాను.

ఆమె కుండెడు నీళ్ళు మడి అంతా తిప్పుతూ పోసింది. నీళ్ళు కాసేపు నిలబడ్డాయి, తర్వాత పోయాయి. ఇద్దరం గిన్నె వంక చూస్తూ కూర్చున్నాం. గిన్నె ఎండిపోయే ఉంది.

"పడలేదా?" అన్నాను.

"ఇంకా లేదు."

"ఎందుకని?"

"మట్టి కదా అంకమ్మ గారూ. తొందరపెడితే చెప్పదు."

చెప్పనిది మట్టా, నువ్వా అని నోటిదాకా వచ్చింది. మింగాను.

కృత్తిక కార్తె, తర్వాతి గురువారం

అలికాను. గిన్నె మళ్ళీ ఎండే.

పక్క మడి చినసుబ్బయ్య బాబాయ్ భార్య రత్తమ్మది. ఆయన ఉదయం ఫలహారం కూడా ఇక్కడే చేస్తాడు, ఆవిడకు కబుర్లు చెబుతూ. ఇవాళ నన్ను కేకేశాడు.

"ఏందమ్మో అంకమ్మా, నీ మడి నోరు మెదపట్లా? మాది ఆగట్లా చూడు. పోసింది కుండ, కారింది కుండన్నర."

"పోసినదానికంటే ఎక్కువ ఎట్టా వచ్చిద్ది బాబాయ్?"

"బతికున్నప్పుడూ అంతేగా! పంపు కాడ పక్కోళ్ళ బిందె జరిపి తనది పెట్టేది. మట్టయినా బుద్ధి మారలా."

నవ్వాడు. నవ్వుతూనే రత్తమ్మ గిన్నె అంచును తన తువ్వాలుతో తుడిచాడు.

నాకు నవ్వు రాలేదు. నీళ్ళు మంత్రంతో పుట్టవు. ఒకచోట తగ్గితేనే ఇంకోచోట పెరుగుతాయి. రెండు మడులకూ నీళ్ళు పోసే మనిషి ఒక్కరే. సలోమి గారు రత్తమ్మ గిన్నె వంక చాలాసేపు చూసింది. రెండు మడుల మధ్యనున్న పలకను బొటనవేలితో రుద్దింది.

తర్వాత వంగి, పూర్ణ మడి మీద తెల్లగా కనపడిన చోట ఓ రేకుతో గీకి, ఆ మట్టిని పొట్లం కట్టింది.

"అదెందుకు?" అన్నాను.

"చూడాలి."

"అది మా అమ్మాయి."

ఆమె చెయ్యి ఆగింది. "చిటికెడే కదమ్మా" అంది. పొట్లం జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

చిటికెడంటే ఏది? చెయ్యా? కన్నా?

రోహిణి కార్తె, సోమవారం

ఎండ నిప్పులు చెరుగుతోంది. కాంక్రీటు మీద పాదం పెట్టలేకపోతున్నాం. పూర్ణ మడి పగుళ్ళు బారుతుందేమోనని ఇవాళ్టినుంచి రెండు పూటలా అలుకుతున్నాను. నా తాగే నీళ్ళలోంచి ఇంకొంచెం తగ్గించాను. మడి ఇప్పుడు అద్దంలా ఉంది. చేత్తో నిమిరితే చిన్నప్పుడు దాని నుదురు నిమిరినట్టే ఉంటుంది.

పూర్ణ నా పక్కన అన్నం తింటూ తన పని చెప్పేది. అన్నం కుప్పగా పెట్టుకుని, నెత్తిన గుంట చేసి, చారు పోసేది. "చూడమ్మా. చారు అన్నమంతా సమంగా తడవదు. దానికో దారి దొరికిద్ది. ఆ దారినే పోయిద్ది. పక్కనున్న మెతుకు ఎండిపోయే ఉంటది. నా పనంతా ఆ దారి వెతకటమే."

"తినవే, చల్లారిపోద్ది" అనేదాన్ని.

ఇప్పుడా దారి వెతికే పని సలోమి గారిది. నిజంగా వెతుకుతోందా? వెతుకుతున్నట్టు నటిస్తోందా? ఈ మట్టి గట్టు మీదికి పోయిందనుకో, రేపు పూర్ణ సంగతి అడిగేవాళ్ళు ఎవరుంటారు? నేనొచ్చి కూర్చోవడానికి చోటు ఉండదు. చోటు లేకపోతే అడిగే నోరూ మూతపడుతుంది. ఇందులో ఆమెకు నష్టమేమీ లేదు.

రోహిణి కార్తె, శుక్రవారం

నిన్న కూడా గిన్నె ఎండే.

మధ్యాహ్నం వంటశాలకు చినసుబ్బయ్య బాబాయ్ ఆయాసపడుతూ వచ్చాడు. ఆయన మెట్లు దిగడమే అరుదు.

"నువ్వు లేనప్పుడు ఆ మేడం వచ్చిందే. తువ్వాలు చాటున సీసా తెచ్చింది. నీ మడి మీద తలకిందులుగా పెట్టి, దాని పక్కనే చతికిలబడి కూర్చుంది. నన్ను చూసి తువ్వాలు అడ్డం పెట్టింది."

"సీసాలో ఏముంది?"

"నేనేమన్నా తాగి చూశానా? మూతికి మాత్రం నారింజ రంగు గుడ్డ కట్టుంది."

గరిట అక్కడే పడేసి పరిగెత్తాను. ఆమె వెళ్ళిపోయింది. మడి నడుమ బిళ్ళంత మేర తడిగా ఉంది, అంతే. వేలు అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. చురుక్కుమంది. ఘాటుగా, మంటగా. తాగే నీళ్ళు అలా ఉండవు. ఉప్పో, మందో, ఏదో పోసింది. నా బిడ్డ నోట్లో పోసింది.

తడి ఉన్న చోట మళ్ళీ అలికేశాను, ఆ విషం లోపలికి దిగకూడదని.

రోహిణి కార్తె, చివరి గురువారం

మెట్టు ఆఫీసునుంచి కాగితం వచ్చింది. పూర్ణ మడి పైమట్టిలో సున్నం మితిమీరి ఉందట. నీరు దిగడం లేదట. చౌడుబారే లక్షణాలట. మృగశిర వెళ్ళేలోగా కుదరకపోతే గట్టుకు తరలిస్తారట. కింద సలోమి గారి సంతకం.

మట్టిలో అంత సున్నం ఎక్కడినుంచి వస్తుంది? పెట్టెలోంచి వచ్చినప్పుడు నల్లగా, పిట్టు పిండిలా ఉంది. నా కళ్ళతో చూశాను. గుప్పిట పట్టి వాసన కూడా చూశాను. ఆ సీసా వచ్చాకే కదా ఇదంతా!

చినసుబ్బయ్య బాబాయ్ చెప్పాడు, "ఊరుకోమాక. పెద్దాయన కాడికి పోయి అడుగు. నేను చూసింది నేనూ చెప్తా."

"నీకెందుకులే బాబాయ్. నీ మడి కుదిరింది. ఆమెతో నీకు పనుంది."

"నా మడి కుదరబట్టే ధైర్యంగా మాట్టాడతన్నా. కుదరకపోతే మాట్టాడేవాణ్ణా?"

అలికాను. చెయ్యి అదిరి ముగ్గు సరిగా రాలేదు.

మృగశిర కార్తె, మంగళవారం

మెట్టు పెద్ద రంగనాయకులు గారి ముందు కూర్చున్నాం. ఆయన తలుపు తీసే ఉంచాడు. బయట నలుగురూ వినేటట్టు.

నేను రాసుకుపోలేదు. నోటికొచ్చినట్టే చెప్పాను. నా కూతురు ఈమె గోతిలో పోయింది. ఇప్పుడు దాని మట్టిని కూడా ఈమె చంపుతోంది. పొట్లాల్లో పట్టుకుపోతోంది. నేను లేనప్పుడు దొంగతనంగా వచ్చి ఏదో పోస్తోంది. నాలుక పెట్టి చూశాను, మండింది.

రంగనాయకులు గారు సలోమి గారి వంక తిరిగాడు. "సీసా సంగతి నిజమేనామ్మా?"

ఆమె సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. మూతికి నారింజ రంగు గుడ్డ, దారంతో బిగించి కట్టి ఉంది. గుడ్డ అంచున చిన్న చిన్న తెల్ల పిట్టలు.

నేను లేచి నిలబడ్డాను. "అది మా పూర్ణ చున్నీ. నీ దగ్గరికెట్టా వచ్చింది?"

"పూర్ణే కట్టింది." ఆమె సీసా వంకే చూస్తూ మాట్లాడుతోంది. "ఈ సీసా తను చేసిందే. మనం పోస్తే నీళ్ళు బలవంతంగా దిగుతాయి. అలా కాకుండా మట్టి తనంతట తాను ఎంత తాగుతుందో చూడాలంటే, ఇలా గుడ్డ కట్టి బోర్లించాలని తనే కనిపెట్టింది. ఇందులో పోసింది తాగే నీళ్ళే. నా వాటావి."

"నీ వాటా నీళ్ళు నా బిడ్డకెందుకు?"

ఆమె గుడ్డ ముడిని వేలితో సర్దింది.

"గురువారం ఉండగా మధ్యలో దొంగచాటుగా ఎందుకు?"

"గురువారం పోత తప్ప మడికి చుక్క పొయ్యకూడదు. నిబంధన. అందుకే తువ్వాలు." ఆగింది. "మూగమడి అని రాసేముందు ఒక్కసారైనా నిక్కచ్చిగా చూద్దామనుకున్నాను. సీసాలో నీళ్ళు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. మీ మట్టి అసలు తాగట్లేదు."

"మరి పోసిన కుండెడు నీళ్ళు యాడికి పోతన్నయ్యి?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

ఇన్నాళ్ళకు ఆమె నోటినుంచి వచ్చిన మొదటి నిజం అదేననిపించింది. లేకపోతే అదే అన్నిటికంటే పెద్ద అబద్ధం.

"కోసి చూపించు" అన్నాను. "నా కళ్ళ ముందు. ఈయన ముందు."

"కొయ్యొచ్చు. పైన నీలం రంగు నీళ్ళు పోసి, మర్నాడు నిలువునా కోస్తే నీళ్ళు నడిచిన దారి నీలంగా కనపడుతుంది. కానీ అంకమ్మ గారూ, మడిని ఒక్కసారే కొయ్యగలం. కోసినా తేలకపోతే ఇంకో గడువు ఉండదు. నేరుగా గట్టుకే."

రంగనాయకులు గారు నన్ను చూశాడు. బయట నలుగురూ నన్నే చూశారు.

"కొయ్యి" అన్నాను.

మృగశిర కార్తె, శుక్రవారం

నిన్న నీలం పోసింది. అంతా అయ్యేదాకా ఆమె చేతులనుంచి కళ్ళు తిప్పలేదు. ఎదురుగా కాపలా కూర్చున్నాను కనక ఇవాళ పొద్దున అలకడం కుదరలేదు. ఒక్క పూట తప్పినందుకే ప్రాణం గిలగిల్లాడింది.

ఎండ ఎక్కకముందే రంగనాయకులు గారు వచ్చాడు. బాబాయ్ సరే, ఎప్పుడూ ఇక్కడే. సలోమి గారు నడవా వైపు పలక ఊడదీసి, మడి ముందు నడుములోతు గొయ్యి తీసింది. తీసినకొద్దీ పక్కలకు చెక్కలు దన్ను పెట్టుకుంటూ వచ్చింది. ఒకటి, దాని మీద ఇంకొకటి, అడ్డంగా మరొకటి. నడుములోతు గోతికి ఇన్ని దన్నులా? ఎంతసేపు తాత్సారం చేస్తుందో చూద్దామనుకున్నాను. ఆ వెనక ఏదో చెరిపేస్తోందేమోనని అనుమానం వచ్చింది. లేచి చీర కుచ్చెళ్ళు ఎగదోపి గోతిలోకి కాలు పెట్టాను.

"దిగొద్దు!"

మెట్టంతా వినపడేటట్టు అరిచింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నా బిడ్డ మట్టి. నేను దిగితే నీకేంటి?"

"ఆ రోజూ ఇట్టాగే అరిచా!" ఆమె చేతిలోని చెక్కను నాకు అడ్డం పెట్టింది. "దన్ను పెట్టేదాకా ఆగమన్నా. వాన పట్టింది. గోడలోంచి నీలం ఊరుతోంది. చెదిరిపోయిద్ది మేడం, ఒక్కసారి చూసొస్తా అని దూకింది. నేను చెక్క తీసుకుని తిరిగేలోపు…"

బాబాయ్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఒక్కసారి చూసొస్తా. ఆ మాట ఆమె కల్పించలేదు, కల్పించాలన్నా రాదు. పూర్ణ ఇంట్లోంచి ఎప్పుడు బయటికి పోయినా అదే అనేది. వెళ్ళొస్తా అని దాని నోటినుంచి నేను వినలేదు.

సగం నమ్మాను. మిగతా సగం నా దగ్గరే ఉంచుకున్నాను. కాలు వెనక్కి తీసుకుని ఒడ్డున కూర్చున్నాను.

ఆమె పలుచటి పారతో మడి అంచును నిలువునా, బెల్లం అచ్చు కోసినట్టు కోసింది. మట్టి జారింది. మేం నలుగురం వంగి చూశాం.

నీలం నడుమ ఎక్కడా లేదు. రత్తమ్మ వైపు పలకను ఆనుకుని మాత్రం సన్నటి నీలం చార పైనుంచి కిందికి దిగింది. సగానికి వచ్చాక పలక సందులోంచి అవతలికి పోయింది.

"చూశావా" అన్నాడు బాబాయ్ మెల్లిగా. "చెప్పలా, బిందె జరుపుద్దని."

మిగతా మడంతా పొడి. పూర్ణ అంతా పొడి. ఇన్ని గురువారాలు పోసిన నీళ్ళలో ఒక్క చుక్క దాని ఒంటికి తగల్లేదు.

పైన మాత్రం వేలుమందాన నల్లటి పెచ్చు ఉంది. సలోమి గారు గోటితో లేపింది. అప్పడంలా విరిగింది. విరిగిన ముక్కను ఎండకు ఎత్తి పట్టుకుంది. అందులో పొరలు. పూతరేకులో ఉన్నట్టు పల్చటి పొరలు, ఒకదాని మీద ఒకటి. పొరకూ పొరకూ మధ్య పొడిపొడిగా తెల్లటి గీత.

"మట్టి తనంతట తాను ఇలా పేరుకోదు" అంది. "ఎవరో పూశారు. ఈ తెలుపు చౌడు కాదు, సున్నం. ఇదీ ఎవరో చల్లిందే."

ఆమె తలెత్తి నా మొహం చూడలేదు. నా చేతులు చూసింది. నా గోళ్ళ సందుల్లో నల్లటి ఒండ్రు.

"అలికాను" అన్నాను.

"అంటే?"

నిజంగానే తెలియదు ఆమెకు. ఈ మెట్ల మీదే పుట్టి పెరిగిన మనిషి. గాల్లో చెయ్యి తిప్పి చూపించాను, అర్ధచంద్రంగా, ఇటునుంచి అటు. బాబాయే చెప్పాడు.

"వాకిలి అలకటమమ్మా. మట్టి లేవకుండా, నీళ్ళు ఇంకి బురద కాకుండా పైన మెత్తటి పూత పూసేవాళ్ళు. దాని మీద ముగ్గు. మా అమ్మా చేసేది."

నీళ్ళు ఇంకకుండా. అందుకేగా అలికేది! ఆ సంగతి నాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. మా అమ్మమ్మ వాకిట్లో వాన కురిస్తే నీళ్ళు జారి కాలవలో పడేవి, వాకిలి కాళ్ళకు అంటుకునేది కాదు. అంత తెలిసీ, రోజూ పొద్దున్నే లేచి, నా బిడ్డ నోరు నేనే మూశాను. నాలుకకు తగిలిన మంట నా ముగ్గుదే. అది విషమనుకుని దాని మీద మళ్ళీ అలికాను.

రంగనాయకులు గారు గొంతు సవరించుకున్నాడు. "మడిని ముట్టుకోకూడదని రాసి ఉందమ్మా. నిబంధన ప్రకారమైతే ఇది రద్దవ్వాలి."

"నేనూ గురువారం కాని రోజు నీళ్ళు పోశాను" అంది సలోమి గారు, గోతిలోంచే. "రద్దు చేస్తే నా పేరు ముందు రాయండి. కానీ మట్టిలో లోపం లేదు. చూడండి." పెచ్చు కిందినుంచి గుప్పెడు తీసి వేళ్ళ సందుల్లోంచి వదిలింది. పిట్టు పిండిలా రాలింది. "పైది తీసేసి, పలక సందు పూడిస్తే తాగుతుంది. ఒక్క గురువారం ఇవ్వండి."

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒక్కటే" అన్నాడు.

ఆమె నాకోసం మాట్లాడిందా? తనకోసం మాట్లాడిందా? గోతి ఒడ్డున నిలబడి ఒక మనిషిని పోగొట్టుకున్న ఆడది ఇంకేదో దక్కించి ఆ బాకీ తీర్చుకోవాలని చూస్తుంది. నాకు తెలుసు. నేనూ అదే చేస్తున్నాను.

మృగశిర కార్తె, ఆదివారం

కోసిన చోట మట్టి తిరిగి నింపి, పలకలు బిగించి, సందులో మైనం పెట్టింది. పెచ్చు మాత్రం నన్ను తియ్యమంది.

"నువ్వే తియ్యరాదూ?"

"మీరు పూసింది. ఎంతదాకా పూశారో మీ చేతికి తెలుస్తుంది."

వేళ్ళతోనే తీశాను. ఒక్కో ముక్క లేస్తుంటే కింద నా పొద్దులు కనపడ్డాయి. ఎండ ఎక్కువైన రోజులవి మందంగా, చెయ్యి వణికిన రోజులవి ఎగుడుదిగుడుగా. ముక్కలన్నీ చెంగులో మూటకట్టుకున్నాను. కింది మట్టి బయటపడ్డాక చూడలేకపోయాను. గరుగ్గా, గుంటలుగా, చిందరవందరగా ఉంది, తల దువ్వని పిల్లలా.

"ఇట్టాగే వదిలెయ్యాలా?"

"ఇలాగే. ఎంత గరుగ్గా ఉంటే అంత తాగుతుంది."

పొద్దున లేవగానే చెయ్యి డబ్బా వైపు పోతోంది. వెనక్కి లాక్కుంటున్నాను.

మృగశిర కార్తె, చివరి గురువారం

రంగనాయకులు గారు వచ్చాడు. బాబాయ్ తన పీట తెచ్చి మా గొట్టం ముందు వేసుకున్నాడు.

సలోమి గారు గిన్నె పెట్టబోతే లాక్కున్నాను. "నేను పట్టుకుంటా." గిన్నె లోపల తడి ఉందేమో వేలు పెట్టి చూశాను. చెంగుతో తుడిచి మళ్ళీ చూశాను. కుండ కూడా ముందు వాసన చూసి ఇచ్చాను. ఆమె రెండు చేతులా అందుకుంది.

పోసింది. ఈసారి నీళ్ళు నిలబడలేదు. పడ్డవి పడ్డట్టే పోయాయి, దాహంతో ఉన్న మనిషి గుక్క పెట్టినట్టు. సన్నటి బుడగలు లేచాయి. ఎక్కడో లోపల చిటపటమని శబ్దం.

"ఏంటది?"

"లోపలున్న గాలి బయటికి వస్తోంది" అంది. "పూర్ణ చెవి ఆనించి వినేది."

నేనూ చెవి ఆనించాను. ముట్టుకోరాదు అని గోడమీద రాసి ఉంది. రంగనాయకులు గారు అటు తిరిగి నిలబడ్డాడు.

ఎంతసేపు గొట్టం కింద గిన్నె పట్టుకున్నానో తెలియదు. చేతులు లాగాయి. బాబాయ్ తీసుకుంటానన్నాడు, ఇవ్వలేదు. రత్తమ్మ గొట్టం ఇవాళ పోసినంతే కార్చి ఊరుకుంది. "పోనీలే, దొంగతనం మానింది" అన్నాడాయన. ఎవరం నవ్వలేదు. అందరి కళ్ళూ గొట్టం మూతి మీదే.

గొట్టం అంచున ఒక చుక్క వేలాడింది. లేత నీలంగా ఉంది. పడలేదు. బరువెక్కింది. పడింది.

గిన్నెలో పడ్డ చప్పుడు విని సలోమి గారు నేల మీద కూర్చుండిపోయింది. నేను గిన్నె వదల్లేదు. రెండో చుక్క పడాలి. ఒక్కటైతే ఎవరైనా ఏదైనా అంటారు. రెండోది పడింది. తర్వాత వరసపెట్టాయి.

ఆరుద్ర కార్తె, గురువారం

రాత్రంతా వాన. పూర్ణ మడిలో కొర్రలు చల్లారు. రంగనాయకులు గారు చిట్టా తిరిగి ఇచ్చెయ్యమన్నాడు, కుదిరిన మడికి చిట్టా ఉండదట. ఇదొక్కటీ రాసి ఇస్తాను.

పొద్దున లేచాక చెయ్యి ఊరుకోలేదు. మడి మీది పెచ్చుముక్కలు మూటలో అలాగే ఉన్నాయి. నీళ్ళలో నానబెట్టి, కాంక్రీటు గడప ముందు అలికాను. ఎదురింటివాళ్ళు బయటికొచ్చి వింతగా చూశారు. ఒకామె, "జారి పడతామేమో పిన్నీ!" అంది. "పడితే లేవండి" అన్నాను. ముగ్గు పెట్టి లోపలికి వచ్చాను.

సలోమి గారు వచ్చింది. చేతిలో చిన్న పొట్లం. ఆ రోజు గీకి తీసుకుపోయిన చిటికెడు మట్టి. తిరిగి ఇవ్వడానికి వచ్చిందట. విప్పి చూశాను. ఇదేనా, వేరేదా, నాకెలా తెలుస్తుంది? ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మడి వాసనే. తీసుకున్నాను.

"లోపలికి రా" అన్నాను. "చారు కాచా."

ఆమె కాలు ఎత్తి, కిందికి చూసి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది.

"తొక్కొచ్చా?"

"ఆరనీ."

అక్కడే, వాన తుంపరలో, తడి గీతకు అవతల నిలబడింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి అన్నం వడ్డిస్తూ కూడా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, తొక్కుతుందేమోనని.

తొక్కలేదు.